చెరుకు నెలల్లో బి సెంటర్

తొంభై నాలుగో సంవత్సరం, కార్తీక మాసం వెళ్లిపోతున్న రోజుల్లో, ఉయ్యూరు వెళ్లి ఒక సినిమా హాలు చూసి రమ్మని మా మేనేజరు సుబ్బారావు గారు నన్ను పంపారు. అప్పటికి నేను బెజవాడ గాంధీనగర్లో ఒక సినిమా పంపిణీ ఆఫీసులో రిప్రజెంటేటివ్‌ని. పేరు గొప్పగా ఉంటుంది గానీ పని చెప్పడం తేలికే. బొమ్మ తాలూకు రీళ్లున్న ఇనప్పెట్టెని ఆఫీసు నుంచి హాలుకి చేర్చాలి. ఆ బొమ్మ ఆడినన్నాళ్లూ ఆ ఊళ్లోనే ఉండి, ఆటకి ఎంత జనం వస్తున్నారో కళ్లారా చూసి, ఆఫీసుకి ఫోన్లో చెప్పాలి. ఆడటం అయిపోయాక పెట్టె వెనక్కి తేవాలి. ఇంత ఉద్యోగంలోనూ గట్టి నియమం ఒక్కటే. దారిలో ఏమైనా సరే, పెట్టెని వదిలి పక్కకి పోకూడదు. బస్సులో నిద్రపోయినా దాని మీద చెయ్యేసే నిద్రపోవాలి.

నేను ఆరో తరగతితో బడి మానేసినవాణ్ణి. గోడల మీద పోస్టర్లు అంటించడంతో మొదలుపెట్టి, గేటు దగ్గర నిలబడి, చివరికి పెట్టె పట్టుకునేదాకా వచ్చాను. అందుకని నాకు కృష్ణా జిల్లా బడి మ్యాపులో తెలియలేదు, బస్సు కిటికీలోంచి తెలిసింది.

సినిమా వ్యాపారంలో ఊళ్లకి మూడు తరగతులు. బెజవాడ ఏ సెంటర్. కొత్త బొమ్మ మొదటి రోజే అక్కడ పడుతుంది. బందరు, గుడివాడ లాంటివి బి సెంటర్లు. పెద్ద హీరో బొమ్మయితే వాటికీ మొదటి రోజే ప్రింటు దొరుకుతుంది. మిగతావి సి సెంటర్లు. పెద్ద ఊళ్లలో జనం చూసి చూసి విసిగాక, గీతలు పడ్డ ప్రింటు అక్కడికి వెళుతుంది. దాన్ని షిఫ్టింగ్ అంటాం. ఒక్కో ప్రింటు తీయించడం ఖరీదైన పని కాబట్టి ఉన్న నాలుగు పెట్టెలూ ఎవరికివ్వాలా అన్నదే మా ఆఫీసులో ఎప్పుడూ తగువు.

ఉయ్యూరు మా లెక్కలో సి సెంటర్. అది ఆ ఊరివాళ్లకి పెద్ద అవమానం. చక్కెర ఫ్యాక్టరీ ఉన్న ఊరు, సంత ఉన్న ఊరు, చుట్టుపక్కల పల్లెలన్నీ బజారుకి వచ్చే ఊరు. అలాంటి ఊరికి సి సెంటరని పేరు పెట్టి, దివిసీమలో ఎక్కడో ఉన్న అవనిగడ్డకి మాత్రం మొదటి రోజు పెట్టె పంపేవాళ్లం.

ఆ హాలు నడిపేది ఖాదర్ గారు. ఆయన సొంతదారు కాదు, లీజుకి తీసుకున్న మనిషి. సొంతదారు ఒక రైసుమిల్లు ఆసామి. పాత బొమ్మలకి జనం రాక బెంచీలు ఖాళీగా ఉంటున్నాయని, వచ్చే ఎండాకాలానికి లీజు ఆపేసి హాల్లో ధాన్యం బస్తాలు పెట్టుకుంటానని ఆయన చెప్పేశాడు. ఖాదర్ గారికి ఒకటే దారి మిగిలింది. ఒక పెద్ద బొమ్మ మొదటి రోజే తన హాల్లో పడాలి, హాలు నిండాలి, ఆ నిండటం సొంతదారు కళ్లతో చూడాలి. అందుకే మా ఆఫీసు మెట్లు ఎక్కీ దిగీ చివరికి సుబ్బారావు గారిచేత సరే, మనిషిని పంపుతాను అనిపించుకున్నాడు. ఆ మనిషిని నేను.

హాలు బాగానే ఉంది. బెంచీలకి కొత్తగా రంగు వేయించాడు, తెర ఉతికించాడు. ఆడవాళ్ల వైపు ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఆపరేటరు ప్రకాశం మిషన్ని అద్దంలా తుడిచి పెట్టుకున్నాడు. టీ తెప్పించి ఖాదర్ గారు తన వాదన మొదలుపెట్టాడు.

"నాకొకటి చెప్పండి రత్నం గారూ. అవనిగడ్డలో ఏముందండీ మా ఊళ్లో లేనిది?"

"మీ ఊళ్లో లేనిది కాదండీ, ఉన్నదే చిక్కు," అన్నాను. "మీకు బెజవాడ ఉంది, పక్కనే."

ఆయనకి కోపం వచ్చింది గానీ మా వ్యాపారం లెక్క అదే. అవనిగడ్డ మనిషి సినిమా కోసం బెజవాడ రావాలంటే ఒక రోజు పోతుంది. అందుకని అక్కడికి మనమే తీసుకెళ్లాలి. ఉయ్యూరు మనిషి పొద్దున బస్సెక్కితే బెజవాడలో బట్టలు కొనుక్కుని, మ్యాట్నీ చూసి, హోటల్లో తిని, దీపాలు పెట్టే వేళకి ఇంట్లో ఉంటాడు. అతని టికెట్టు ఎలాగూ బెజవాడ హాల్లో మనకే వస్తుంది. మరి అతని ఊరికి ఇంకో ప్రింటు ఎందుకు? పెద్ద ఊరికి దగ్గరగా ఉన్న ఊరు ఎంత పెరిగినా మా లెక్కలో చిన్నదే. దూరంగా ఉన్న ఊరు చిన్నదైనా పెద్దదే. ఇది నేను కనిపెట్టింది కాదు, గాంధీనగర్లో ప్రతి ఆఫీసూ నమ్మే మాట.

ఖాదర్ గారు అంతా విని, ఖాళీ గ్లాసు కింద పెట్టి, "మీరు ఎప్పుడు తిరిగి వెళ్తున్నారు?" అని అడిగాడు. ఇప్పుడే అన్నాను. "వెళ్లండి. దారిలో ఆలోచించుకుంటూ వెళ్లండి. ఆలోచించుకోడానికి బోలెడు టైము దొరుకుతుంది మీకు," అన్నాడు. ఆ మాటకి అర్థం అప్పుడు నాకు తెలియలేదు.

బస్సెక్కాక తెలిసింది. ఫ్యాక్టరీలో క్రషింగ్, అంటే చెరుకు ఆడటం, మొదలైంది. చెరుకు నరికిన రైతులందరూ ట్రాక్టర్ల మీదా ఎడ్లబళ్ల మీదా లోడు వేసుకుని, ఫ్యాక్టరీ గేటు నుంచి వరస కట్టి, ఆ వరస మెయిన్ రోడ్డు మీదకి వచ్చేసింది. ఒక్కో లోడు తూకం అయి లోపలికి వెళ్తే, వరస ఒక బండి మేర జరుగుతుంది. రోడ్డు ఇరుకు కాబట్టి, ఎదురు వెళ్లే మా బస్సూ అంతే జరుగుతుంది. చెరుకు వాసన, డీజిలు పొగ, బస్సులో ఉక్కపోత. నా పక్క సీట్లో స్టీలు క్యారియరు ఒళ్లో పెట్టుకుని ఒకావిడ కూర్చుంది. రోజూ ఇంతేనా అమ్మా అని అడిగాను.

"ఇంతేనండీ. మా అమ్మ ఆస్పత్రిలో ఉండబట్టి వెళ్తున్నాను గానీ, క్రషింగ్ అయ్యేదాకా బెజవాడ మాకు హైదరాబాదే అన్నయ్య గారూ," అంది.

మరి బట్టలూ అవీ కొనుక్కోవాలంటే అన్నాను. పెళ్లి చీరలైతే తప్ప ఈ నెలల్లో ఎవరూ కదలరని, ఉన్న ఊళ్లోనే రకం తక్కువైనా సరిపెట్టుకుంటారని చెప్పింది. సినిమా సంగతి అడిగితే నవ్వింది. చీరకే వెళ్లలేనివాళ్లు సినిమాకి వెళ్తారా అన్నట్టు చూసింది. ఆ తరవాత, ఈ నెలల్లోనే కదండీ చేతిలో నాలుగు డబ్బులు ఆడేది అని, కిటికీ వైపు తిరిగిపోయింది.

నేను మిగతా దారంతా ఆ హైదరాబాదు మాటే నమిలాను. అవనిగడ్డ ఎందుకు బి సెంటరు? దూరం కాబట్టి. ఉయ్యూరు ఎందుకు సి సెంటరు? దగ్గర కాబట్టి. దగ్గరా దూరమా అన్నది రోడ్డు మీద మైలురాళ్లు చెప్పే మాట అనుకున్నాం ఇన్నాళ్లూ. ఆ రాళ్లు క్రషింగుకి ముందూ అవే, తరవాతా అవే. బస్సులో కూర్చున్న మనిషికి మాత్రం ఊరు జరిగిపోయింది.

మర్నాడు సుబ్బారావు గారికి అదే చెప్పాను. ఆయన సంతకాలు పెట్టడం ఆపి, కళ్లజోడు పైకి తోసుకుని నావైపు చూశారు.

"ఊరు జరిగిందా? ఎక్కడికి జరిగిందయ్యా, గన్నవరానికా?"

"ఊరు జరగలేదండీ. రోడ్డు జరగట్లేదు," అన్నాను.

ఆఫీసంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. కాసేపటికి, డిసెంబరులో వచ్చే పెద్ద బొమ్మకి ఒక పెట్టె ఉయ్యూరుకి రాసుకోండి అన్నారు. ఒక షరతు పెట్టారు. పెట్టెతో వెళ్లేది నేనే. మొదటి ఆట పడకపోయినా, హాలు నిండకపోయినా ఉయ్యూరు పేరు మళ్లీ ఆయన ముందు ఎత్తకూడదు. ఈ మాట ఖాదర్ గారికి ఫోన్లో చెప్పాను. సొంతదారుని కూడా మొదటి ఆటకి పిలుస్తున్నానండీ అని మాత్రం అన్నాడు.

విడుదల రోజు తెల్లవారకముందే మద్రాసు నుంచి రైల్లో ప్రింట్లు దిగాయి. పెట్టెలు బయల్దేరడానికి మాకొక వరస ఉండేది. దూరం ఊళ్లవి ముందు, దగ్గర ఊళ్లవి వెనక. అవనిగడ్డ పెట్టె మొదటి బస్సుకి వెళ్లింది. తరవాత బందరు, గుడివాడ. బెజవాడ హాళ్లకి రిక్షాల మీద. ఉయ్యూరు అన్నిటికంటే దగ్గర కాబట్టి నా పెట్టె అందరికంటే ఆఖరున నా చేతికొచ్చింది. ఎవరికీ అందులో తప్పు తోచలేదు. ఊరిని దూరమని ఒప్పించి ప్రింటు తెచ్చుకున్న నాకూ తోచలేదు. పదకొండింటి ఆటకి బోలెడు టైముందని పెట్టెకి లగేజీ టికెట్టు కొట్టించుకుని, కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాను.

కంకిపాడు దాకా బస్సు గాలిలా వెళ్లింది. గండిగుంట దాటాక ఆగిపోయింది. ఆగడం నాకు తెలిసిందే. కాసేపు ఆగుతుంది, ఒక బండి మేర జరుగుతుంది. కానీ ఆ రోజు ఆ కాస్త జరగడం కూడా లేదు. పది దాటింది, పదిన్నర అయింది. కండక్టరు దిగి చూసి వచ్చి, ముందు ట్రాక్టర్ల మీద మనుషుల్లేరండీ అన్నాడు. ఇంజన్లు ఆపేసి ఉన్నాయి, తాళాలు లేవు. గేటు దగ్గర తూకం జరుగుతూనే ఉంది. ముందు లోడు వెళ్లిపోయిన చోట ఖాళీ ఉంది. ఆ ఖాళీలోకి ట్రాక్టరు తోలే మనిషి లేడు.

నాకు దిగాలని ఉంది. పెట్టె ఉంది. కిటికీలోంచి మెడ బయటికి పెట్టి చూస్తే, పక్కనే ఎడ్లబండి మీద ఒక పెద్దాయన తీరిగ్గా చుట్ట కాలుస్తున్నాడు. ఆ వరసలో బండి మీద మనిషంటూ ఉన్నది ఆయనొక్కడే.

"బాబాయ్, ఈ డ్రైవర్లంతా ఏమయ్యారు?"

"సినిమాకెళ్లారు," అన్నాడు.

"పొద్దున్నే సినిమా ఏంటి?"

"కొత్త బొమ్మంట అబ్బాయ్. ఈసారి మనూళ్లోనే మొదటి రోజు ఆడతందంట. ట్రాక్టరోళ్లకేం, తాళం జేబులో వేసుకుని పోయారు. నా ఎడ్లకి తాళం లేదుగా, ఉండిపోయాను."

నేను పెట్టె మీద చెయ్యేసి చూపించాను. "ఆ బొమ్మ ఇందులో ఉంది బాబాయ్."

ఆయన చుట్ట నోట్లోంచి తీశాడు. పెట్టె వైపు చూశాడు, ముందున్న ట్రాక్టర్ల వైపు చూశాడు. "అయితే వాళ్లక్కడ కూర్చుని ఏం చూస్తన్నట్టు?" అన్నాడు.

బస్సులో విన్నవాళ్లందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మొదటి ఆట పడకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. జనం కుర్చీలు విరగ్గొడతారు. విరిగిన కుర్చీలు సొంతదారు చూస్తాడు. ఇక ఆ హాలుకి ధాన్యం బస్తాలే గతి.

పెట్టె విప్పి మొదటి నాలుగు రీళ్లు ఎవరి చేతనైనా సైకిలు మీద పంపితే ఆట మొదలుపెట్టొచ్చు కదా అని బస్సులో ఒకాయన సలహా ఇచ్చాడు. పెట్టె దారిలో విప్పడం మా పనిలో లేదు. విప్పితే ఏ రీలు ఎవరి చేతిలో ఉందో తరవాత ఎవరూ చెప్పలేరు. నేను కండక్టరుని పిలిచి హాలు ఫోన్ నంబరు చెప్పాను. రోడ్డు పక్కన ఎరువుల కొట్లో ఫోనుంది. ఖాదర్ గారికి ఒకే ఒక్క మాట చెప్పమన్నాను. బొమ్మ లోపలికి రావాలంటే డ్రైవర్లు బయటికి రావాలని చెప్పమన్నాను. కండక్టరు మంచివాడు, సీట్ల మధ్య దారిలో పెట్టిన గోనెల మీదుగా దూకి వెళ్లాడు.

తరవాత హాల్లో జరిగింది నాకు ప్రకాశం చెప్పాడు. అతను పైన మిషన్ గదిలో చిన్న కిటికీ దగ్గర నిలబడి అంతా చూశాడట. టైము దాటిపోయి జనం ఈలలు వేస్తున్నారు. నేల టికెట్లవాళ్లు తెర ముందుకి జరిగారు. బాల్కనీలో సొంతదారు అప్పటికే రెండుసార్లు గడియారం చూసుకున్నాడు. ఖాదర్ గారు ఫోను పెట్టేసి, లైట్లు వేయించి, తెర ముందుకి వెళ్లి నిలబడ్డాడు. మైకు లేదు. ఆయన గొంతుకి అది అక్కర్లేదు కూడా.

"బొమ్మ వచ్చింది నాయనా. గండిగుంట దగ్గర మీ ట్రాక్టర్ల వెనకాల నిలబడి ఉంది. మీరెళ్లి తీస్తే అది వస్తుంది, లేదంటే సాయంత్రం దాకా నా మొహమే చూడండి."

 బెంచీల్లోంచి ఒక గొంతు, మేం వెళ్తే మా సీటెవడిస్తాడు సాయిబు గారూ అంది. ఆ ప్రశ్న ఒక్కడిది కాదు. బయట గేటు దగ్గర టికెట్టు దొరకనివాళ్లు ఇంకో హాలుకి సరిపోయేంత మంది ఉన్నారు. మొదటి రోజు మొదటి ఆట సీటు ఒకసారి వదిలితే మళ్లీ దొరకదని ఉయ్యూరులో అందరికీ ఆ రోజే తెలిసింది.

"తువ్వాలు వేసి వెళ్లండి," అన్నాడు ఖాదర్ గారు. "నేనిక్కడే కూర్చుంటాను. ఒక్క తువ్వాలు జరిగినా రేపటి నుంచి ఈ హాలు నేను నడపను."

బస్సులో కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకోవడం మనందరికీ అలవాటే. తువ్వాలు పడిన సీటు వేసినవాడిదే, దానికి తగాదా లేదు. అదే పద్ధతి హాల్లో పెట్టాడాయన. ఒక్కొక్కరే లేచారు. బెంచీల మీద తువ్వాళ్లు పరుచుకున్నాయి. తువ్వాలు లేనివాళ్లు చొక్కా విప్పి సీట్లో పెట్టారు. గేటు మళ్లీ మూయించి, తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని, ఆ చొక్కాల మధ్య బెంచీ మీద కూర్చున్నాడు ఖాదర్ గారు. బాల్కనీలోంచి సొంతదారు కిందకి వంగి చూస్తున్నాడట.

నాకు బస్సులోంచి కనిపించింది ఇంతే. కాలువ గట్టు మీద బనీన్లతో మనుషులు పరిగెత్తుకుంటూ వస్తున్నారు. ఎవరో తరుముతున్నట్టు. "ఇదిగో, మా వాళ్లొచ్చారు," అన్నాడు బండి పెద్దాయన. ఎవరి ట్రాక్టరు వాళ్లు ఎక్కి, ఎప్పుడూ చేయని పని చేశారు. వరస పోతుందని భయపడకుండా లోడుతో సహా రోడ్డు దిగి మార్జిన్లోకి లాగేశారు. వరసలో ఎవరి తరవాత ఎవరో తనకి గుర్తుందని పెద్దాయన అందరికీ హామీ ఇచ్చాడు, ఆయన మాట వాళ్లకి చాలింది. రోడ్డు ఖాళీ అయ్యాక ఆ బనీన్లన్నీ వచ్చి మా బస్సు మీద పడ్డాయి. మెట్ల మీద, నిచ్చెన మీద, టాపు మీద. కండక్టరు అలవాటు కొద్దీ టికెట్ టికెట్ అన్నాడు. మా టికెట్లు హాల్లో ఉన్నాయి అన్నారు వాళ్లు.

అలా పెట్టే, పెట్టెలో బొమ్మ చూడాల్సిన జనమూ ఒకే బస్సులో ఉయ్యూరు చేరాం. నా సర్వీసులో అది ఇంకెప్పుడూ జరగలేదు. నలుగురు నా చేతిలో పెట్టె అందుకోబోతే ఇవ్వలేదు, నాతో పాటు ఒక పక్క పట్టుకోనిచ్చాను. హాల్లోకి వెళ్లేసరికి తువ్వాళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎవరి చొక్కా వాళ్లు తొడుక్కునేలోపు ప్రకాశం మొదటి రీలు ఎక్కించాడు. ఆట గంటకి పైగా ఆలస్యంగా మొదలైంది. ఒక్క కుర్చీ విరగలేదు. ఇంటర్వెల్లో సొంతదారు కిందకి దిగి వచ్చి, ఖాదర్ గారితో బస్తాల సంగతి ఎత్తకుండా, బాల్కనీలో ఫ్యాన్లు సరిగ్గా తిరగడం లేదు, బాగు చేయించండి అన్నాడు. ఖాదర్ గారు నావైపు తిరిగి, చూశారా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. వెళ్లగొట్టదలుచుకున్న మనిషికి ఫ్యాన్ల సంగతి ఎవరూ చెప్పరు.

బొమ్మ ఆ హాల్లో మేము అనుకున్నదానికంటే ఎక్కువ రోజులు ఆడింది. నేను తిరిగి వెళ్లాక సుబ్బారావు గారు మొత్తం విన్నారు. బాగుంది అనలేదు, అనే అలవాటు ఆయనకి లేదు. ఆ ఏడు నుంచి మాత్రం మా ఆఫీసులో ఉయ్యూరుకి రెండు స్థాయిలు వచ్చాయి. చెరుకు నెలల్లో బి సెంటర్, ఎండాకాలంలో సి సెంటర్. ఏప్రిల్లో రోడ్డు ఖాళీ అయ్యాక ఖాదర్ గారు మొదటి రోజు ప్రింటు అడిగితే ఇవ్వలేదు. ఆయనా పట్టుబట్టలేదు. ఇప్పుడు మేం మళ్లీ బెజవాడ పక్కకి వచ్చేశాం లెండి అన్నాడు. హాలు మాత్రం ఆయన చేతిలోనే ఉంది. నేను ఉద్యోగం మానే వరకూ అందులో బొమ్మలే ఆడాయి.

రెండు వేల సంవత్సరం తరవాత ప్రింట్లు ఎక్కువయ్యాయి. పెద్ద బొమ్మ ఒకే రోజు అన్ని ఊళ్లలోనూ పడటం మొదలైంది. సెంటర్ల మాట వాడుకలో ఉంది గానీ, దాని కోసం ఎవరూ మా మెట్లు ఎక్కలేదు. చివరికి డిజిటల్ వచ్చి పెట్టెలే పోయాయి, పెట్టెతో పాటు నా పనీ పోయింది. అది వ్యాపారం, అలాగే జరుగుతుంది.

కొత్తగా చేరిన రిప్రజెంటేటివ్‌లకి నేను చెప్పింది ఒకటే. ఊరి స్థాయి ఎంతో తెలుసుకోవాలంటే జనాభా అడగొద్దు, అక్కడేముందో అడగొద్దు. ఆ ఊరి మనుషులు తమకంటే పెద్ద ఊరికి ఏ పని మీద, ఏ నెలలో, ఎంత కష్టపడి వెళ్తారో చూడండి. కారులో వెళ్లి చూడొద్దు, వాళ్లెక్కే బస్సే ఎక్కి చూడండి. ఎంత కష్టపడతారో ఆ ఊరిది అంత స్థాయి.

ఇంకో మార్పు కూడా జరిగింది. క్రషింగ్ నెలల్లో విడుదలయ్యే ప్రతి బొమ్మకీ, అవనిగడ్డ పెట్టె కంటే ముందు, బందరు పెట్టె కంటే ముందు, ఉయ్యూరు పెట్టె బయల్దేరేది. అన్నిటికంటే దగ్గర ఊరిది మొదటి బస్సు.